2024-25 అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్: కోచ్‌లకి మార్కులు మీరెలా వేస్తారు?

రాలీలో_రాయుడు
సోమవారం రాత్రి ఫైనల్ చూశాక నిద్ర పట్టలేదండి. ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63, మ్యాచ్ అందరూ చూసే ఉంటారు, దాని గురించి వేరే చోట మాట్లాడుకుంటున్నారు కాబట్టి అది వదిలేస్తున్నా. నన్ను ఏడాదిగా తొలిచేస్తున్న విషయం వేరే ఉంది. నేను ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ)లో ఎంఎస్ చేశా, ఇప్పటికీ మోరిస్‌విల్‌లోనే ఉంటున్నా, ఆ టీమంటే ప్రాణం. నిరుడు, 2024 మార్చిలో, మా వాళ్ళు రెగ్యులర్ సీజన్ 17-14 తో (17 గెలుపులు, 14 ఓటములు) ముగించారు, అందులో చివరి 4 మ్యాచ్‌లు వరసగా పోయాయి. ఆ రాత్రి నేను ఇక్కడే పేజీ నిండా రాశా, కోచ్ కెవిన్ కీట్స్‌ని వెంటనే పంపించేయాలి, ఏడేళ్ళు చూశాం ఇక చాలు అని. మూడు రోజుల తర్వాత ఏసీసీ (మా టీము ఆడే కాన్ఫరెన్స్, అంటే లీగు) టోర్నమెంట్ మొదలైంది. 10వ సీడ్‌గా (టోర్నమెంట్‌లో ఇచ్చే ర్యాంకు) వెళ్ళి 5 రోజుల్లో 5 మ్యాచ్‌లు గెలిచారు. లూయివిల్, సిరక్యూస్, డ్యూక్, వర్జీనియా, ఆఖర్న నార్త్ కరోలినా. 1987 తర్వాత మాకు మొదటి కాన్ఫరెన్స్ టైటిల్ అది. అక్కడితో ఆగారా, 1983 తర్వాత మొదటిసారి ఫైనల్ ఫోర్‌కి, అంటే నేషనల్ టోర్నమెంట్ ఆఖరి నాలుగు టీముల్లోకి కూడా వెళ్ళారు.

ఇక ఈ ఏడాది 12-19. కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో ఆడే అర్హత కూడా రాలేదు. మార్చిలో ఆయన్ని తీసేశారు.

ఇప్పుడు చెప్పండి, అదే మనిషి, పన్నెండు నెలల తేడా. ఆయన మంచి కోచా కాదా? 2024లో నేనన్నది తప్పా, 2025లో యూనివర్సిటీ చేసింది తప్పా, లేకపోతే మనం సీజన్ మధ్యలో కోచ్‌ని అంచనా వేసే పద్ధతే తప్పా? నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

లెక్కలు_చెప్తా
రాయుడుగారూ మంచి ప్రశ్న. వర్జీనియాతో ఆ సెమీఫైనల్ గుర్తు తెచ్చుకోండి. 5 సెకన్ల చిల్లర మిగిలుంది, వర్జీనియా 3 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, వాళ్ళ మెక్‌నీలీ ఫ్రీ త్రో (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్) లైన్ దగ్గర నిలబడ్డాడు, అది పడితే మ్యాచ్ దాదాపు అయిపోయినట్టే. పడలేదు. మీ ఓకానెల్ బంతి పట్టుకుని పరిగెత్తి విసిరాడు, రింగుకీ బోర్డుకీ తగిలి తిరిగి లోపల పడింది, ఓవర్‌టైమ్. ఆ ఒక్క ఫ్రీ త్రో పడి ఉంటే కీట్స్‌కి 2024లోనే ఉద్వాసన అయ్యుండేదేమో. ఆ ఫ్రీ త్రో వేసింది అవతలి టీము కుర్రాడు. అందులో కోచ్ చేసిందేముంది?

నేను గెలుపోటములు చివర్న చూస్తా. ముందు చూసేది 100 పొజెషన్లకి (బంతి చేతికొచ్చిన ఒక్కో విడత) ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎన్ని ఇచ్చారు అన్నది, అది కూడా ఎదుటి టీము బలాన్ని బట్టి సవరించి. కెన్‌పామ్ అనే గణాంకాల వెబ్‌సైట్ చేసేది అదే. తర్వాత గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు: షాట్లు ఎంత బాగా పడుతున్నాయి, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నారు, సొంత మిస్ మీద ఎన్ని రీబౌండ్లు తెచ్చుకుంటున్నారు, ఫ్రీ త్రో లైన్‌కి ఎంత తరచుగా వెళ్తున్నారు. వీటిలో షాట్లు పడటం రోజుకో రకంగా ఉంటుంది. మిగతా మూడూ చాలావరకు ప్రాక్టీస్‌లో నేర్పితే వచ్చేవి, కోచ్ చెయ్యి అక్కడే కనిపిస్తుంది.

కేటీ_కూగర్
హ్యూస్టన్ వాడిని, గుండె ఇంకా బరువుగానే ఉంది కానీ ఈ చర్చలో మాట్లాడకుండా ఉండలేను. మాస్టారూ మీరన్నదానికి మా కోచ్ కెల్విన్ శాంప్సన్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. డిసెంబర్ మొదట్లో మేం 4-3. ఆబర్న్ చేతిలో ఓడాం, అలబామా, శాన్ డియాగో స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడాం. మా కేటీలో (హ్యూస్టన్ పక్క ఊరు) వీకెండ్ ఆడుకునే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అప్పుడు ఏమన్నారో స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉన్నాయి, ముసలాయన పనైపోయింది, ఆఫెన్స్ రాదు, గొడ్డులా డిఫెన్స్ ఆడించడమే తెలుసు అని. ఆ తర్వాత ఏమైంది, మా కాన్ఫరెన్స్ బిగ్ 12 లో 19-1. ఫైనల్ దాకా ఇంకొక్క మ్యాచే ఓడాం, టెక్సస్ టెక్‌తో, అది కూడా ఓవర్‌టైమే. మొత్తం 35-5.

ఆ మూడు ఓటములూ నేను మళ్ళీ కూర్చుని చూశా. ఏ ఒక్క దాంట్లోనూ టీము చేతులెత్తేయలేదు. కష్టమైన టీములతో ఆడి కొద్దిలో పోయాయి. ఇవతల ఊరూ పేరూ లేని టీములతో డిసెంబరంతా ఆడుకుని 11-0 అనిపించుకున్న కోచ్‌లు జనవరిలో కుప్పకూలారు. రికార్డు చూసి ఎవరు గొప్పో చెప్పమంటే డిసెంబర్‌లో వాళ్ళే గొప్ప అనేవాళ్ళం.

గీత_గేటర్
కేటీ గారూ ముందుగా మీ టీముకి నా గౌరవం, ఆ ఫైనల్లో మా ఫ్లోరిడా 12 పాయింట్లు వెనకబడినప్పుడు నేను టీవీ ముందు నుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయా. మా స్టార్ క్లేటన్ ఫస్టాఫ్‌లో ఒక్క పాయింటూ కొట్టలేదు, మీ వాళ్ళు అతన్ని అలా కట్టేశారు.

మా కోచ్ టాడ్ గోల్డెన్ సంగతి చెప్తా, ఎందుకంటే ఒక సీజన్ కాదు, మూడు సీజన్లు కలిపి చూస్తేనే అర్థమయ్యే మనిషి. 2022లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చాడు. మొదటి ఏడాది 16-17. మా యూనివర్సిటీ ఊరు గెయిన్స్‌విల్‌లో మా సీనియర్లు చాలామంది చిన్న కుర్రాడికి పెద్ద ఉద్యోగం ఇచ్చారన్నారు. రెండో ఏడాది 24 గెలిచి నేషనల్ టోర్నమెంట్‌కి వెళ్ళి మొదటి రౌండ్‌లోనే కొలరాడో చేతిలో 102-100 తో ఓడాం, డిఫెన్స్ అనేదే లేదు ఆ రోజు. మూడో ఏడాది 36-4, టైటిల్. అదే కోచ్, అదే ఆఫెన్స్ ఆలోచన, కానీ ఏటా ఒక్కో కంత పూడ్చుకుంటూ వచ్చాడు. ఫైనల్లో గెలిపించిందే డిఫెన్స్, ఆఖరి పొజెషన్ చూడండి. మీ షార్ప్ త్రీకి (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) ఎగిరాడు, క్లేటన్ మీదకి పరిగెత్తుకొచ్చాడు, షార్ప్ గాల్లోనే మనసు మార్చుకుని బంతి కింద వదిలేశాడు. అది నేల మీద టప్పు టప్పుమని గెంతుతోంది, ముట్టుకుంటే ట్రావెలింగ్ అనే తప్పు కింద బంతి పోతుంది, అందుకే ముట్టుకోలేక పక్కన నిలబడ్డాడు, మా కాండన్ పడుకుని మరీ బంతిని కౌగిలించుకున్నాడు. ఏడాది కిందట కొలరాడోతో 102 ఇచ్చిన జట్టు ఇది. నాకు కోచింగ్ అంటే అదీ.

కేటీ_కూగర్
ఆ బంతి గెంతడం నాకు రోజూ కనబడుతోందక్కా. షూట్ చేసుంటే పోయినా బాధ ఉండేది కాదు. ఆఖరి పొజెషన్లో ఒక్క షాట్ కూడా రింగు దాకా వెళ్ళకపోవడం ఏంటి. అందులో శాంప్సన్ తప్పుందా అంటే ఉంది అనే అంటా, గార్డులకి బంతి దొరక్కుండా వాళ్ళు అడ్డుపడితే రెండో దారి ఏంటో మా వాళ్ళకి తెలిసినట్టు కనిపించలేదు. కానీ అదే శాంప్సన్ పది రోజుల ముందు పర్డ్యూ మీద స్కోరు సమంగా ఉండగా రెండు సెకన్ల చిల్లరతో బేస్‌లైన్ నుంచి వేయించిన ప్లే చూశారు కదా. మా ఉజాన్ బంతిని మా టగ్లర్‌కే విసిరాడు, అందరూ షూటర్ల వెనక పడ్డారు, బంతి విసిరినవాడిని ఎవడూ పట్టించుకోలేదు, టగ్లర్ తిరిగి ఉజాన్‌కే ఇచ్చాడు, లేఅప్, 62-60. అలాంటి ప్లే వంద సార్లు ప్రాక్టీస్ చేస్తే తప్ప రాదు. సెమీస్‌లో డ్యూక్ మీద 14 వెనకబడి 70-67 తో గెలిచాం. ఒకే మనిషి, ఒకే నెల. ఏ రెండు నిమిషాలు చూసి మార్కులు వేద్దాం?

ఓరుగల్లు_హూజియర్
అన్నా మీరంతా ఓపిక పట్టాలె ఓపిక పట్టాలె అంటున్నరు, మరి మా ఇండియానా సంగతేంది? నేను బ్లూమింగ్టన్‌ల చదివిన, జనవరిల ఇల్లినాయ్ మ్యాచ్‌కి ఇండియానాపోలిస్ నుంచి కారేసుకొని పోయిన, మా కోర్టు అసెంబ్లీ హాల్ల నేను స్వయంగ ఉన్న. 94-69 తోటి ఓడినం. దానికి ముందు మ్యాచ్ ఐయోవా చేతుల 85-60. రెండు మ్యాచ్‌లల్ల వరసగ 25, 25 తేడా. నా పక్క సీట్ల ఒక పెద్దాయన, డెబ్బై ఏండ్లుంటయ్, పాత కోచ్ బాబ్ నైట్ జమానా నుంచి సీజన్ టికెట్లు కొంటున్నడట, ఈ సీజన్ మా కోచ్ మైక్ వుడ్‌సన్ చదువుకుంట ఆడంగ గూడ చూసిండట. చుట్టూ పిలగాండ్లు కోచ్‌ని తీసేయాలని అరుస్తుంటే ఆయన ఏం అనలే, కోటు తొడుక్కొని ఇంక పది నిమిషాల ఆట ఉండంగనే లేచి పోయిండు. గది చూసినంక నాకు కడుపుల తిప్పినట్టయింది.

సీజన్ మొదట్ల మమ్మల్ని ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) ర్యాంకుల్ల 17ల పెట్టిండ్రు. పోర్టల్ల (కాలేజీ మారాలనుకునే ఆటగాండ్ల జాబితా) మంచి మంచి పిలగాండ్లను తెచ్చుకున్నం. అయినా నవంబర్‌ల ఏ తప్పు చేసిండ్రో జనవరిల గదే తప్పు. బయటి షాట్లు లేవు, మొదటి పాస్ పోయినంక ఏంచెయ్యాల్నో ఎవనికి తెల్వది. గట్ల ఉంటే మార్చి దాక ఆగి ఏం చూడాలె? ఫిబ్రవరి 7న వుడ్‌సన్ సీజన్ తర్వాత దిగిపోతున్నడని ప్రకటించిండ్రు. విచిత్రం ఏందంటే నాలుగు రోజులకే మిషిగన్ స్టేట్‌ని వాళ్ళ ఇంట్లనే 71-67 తోటి ఓడగొట్టిండ్రు. పెయ్యి మీద బరువు దిగినట్టు ఆడిండ్రు ఆ దినం. ఆఖరికి 19-13, టోర్నమెంట్ రాలే.

లెక్కలు_చెప్తా
తమ్ముడూ నువ్వు చెప్పింది నా మాటకి విరుద్ధం కాదు. హ్యూస్టన్ 4-3 లో మూడూ కొద్దిలో పోయినవి, మీ రెండూ 25 తేడాతో పోయినవి. అంకెలు చూడమన్నది అందుకే, రెండింటినీ ఓటమి అనే ఒకే గంపలో వేయకూడదు. ఇంకోటి, నేషనల్ టోర్నమెంట్‌కి టీముల్ని ఎంచే సెలక్షన్ కమిటీ వాడే క్వాడ్ 1 (అన్నిటికంటే కష్టమైన మ్యాచ్‌ల వర్గం) లెక్క కూడా ఇదే పాఠం. సొంత ఊళ్ళో అయితే 1 నుంచి 30 ర్యాంకు టీము మీద ఆడితేనే క్వాడ్ 1, అవతలి ఊరెళ్ళి ఆడితే 75వ ర్యాంకు దాకా క్వాడ్ 1 గానే లెక్క. అంటే బయట గెలవడం అంత కష్టమని వాళ్ళే ఒప్పుకున్నట్టు. కాబట్టి మీరు మిషిగన్ స్టేట్ ఊరు ఈస్ట్ లాన్సింగ్‌లో గెలిచినది చిన్న విషయం కాదు, కానీ ఒక్క మ్యాచే.

మేరీవిల్_బ్యాచ్
మీరంతా పెద్ద కాలేజీల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను మా చిన్న ఊరి సంగతి చెప్పాలి. నేను నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్‌లో ఎంఎస్ చేశా, మేరీవిల్, చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప ఏమీ లేని ఊరు. మన తెలుగువాళ్ళు ఎంతమంది చదివారో అక్కడ చదివినవాళ్ళకి తెలుసు. చలికాలం ఐదు గంటలకే చీకటి పడిపోయేది, కార్లు లేవు, ఎక్కడికీ వెళ్ళలేం. అలా బేర్‌క్యాట్ ఎరీనాకి వెళ్ళడం అలవాటైంది, ముందు వెచ్చగా ఉంటుందని వెళ్ళాం, తర్వాత ఆట కోసం వెళ్ళాం. కోచ్ పేరు బెన్ మెకాలమ్. డివిజన్ 2 (పెద్ద కాలేజీలు ఆడే డివిజన్ 1 కి కింది స్థాయి) లో 2017, 2019, 2021, 2022 టైటిళ్ళు ఆయనవే, 2019లో అయితే 38-0, ఒక్కటీ ఓడలేదు.

నాకు అప్పటికి బాస్కెట్‌బాల్ ఓనమాలు కూడా రావు. అయినా ఒకటి కనిపెట్టా. ఎదుటి టీము పిల్లలు ఒడ్డూ పొడుగూ ఉండి ఎగిరెగిరి డంకులు వేసేవాళ్ళు, మా వాళ్ళు మామూలుగా ఉండేవాళ్ళు. బంతి పట్టుకుని తొందరే పడరు. పాస్, స్క్రీన్ (తన వాడికి దారి దొరికేలా ఎదుటివాడికి అడ్డుగా నిలబడటం), పాస్, స్క్రీన్, షాట్ వేయాల్సిన గడువులో ఇంకో ఐదు సెకన్లు ఉందనగా ఎవడో ఒకడు ఒంటరిగా దొరుకుతాడు. ప్రతిసారీ అంతే. నా రూమ్మేట్ గుంటూరు వాడు, వీళ్ళు చద్దన్నంలో పెరుగు కలుపుకుంటున్నట్టు నింపాదిగా ఆడతార్రా అనేవాడు.

ఇప్పుడు అసలు విషయం. ఆ మెకాలమ్ నిరుడు డ్రేక్ యూనివర్సిటీకి వెళ్ళాడు, డివిజన్ 1 లో మొదటి ఏడాది. తనతో పాటు మేరీవిల్ నుంచి నలుగురు కుర్రాళ్ళని తీసుకెళ్ళి మొదటి ఐదుగురిలో ఆ నలుగురినే ఆడించాడు. అందరూ ఇది పెద్దవాళ్ళ ఆట, డివిజన్ 2 పిల్లలు నలిగిపోతారన్నారు. 31-4. టోర్నమెంట్‌లో మిస్సోరీని 67-57 తో ఓడించారు. ఆ మ్యాచ్ మా బ్యాచ్ పదకొండు మంది డల్లాస్, కాన్సస్ సిటీ, హైదరాబాద్ నుంచి వీడియో కాల్ పెట్టుకుని చూశాం. ఆ నలుగురిలో బెనెట్ స్టర్ట్జ్ దాదాపు బెంచ్ మీదకే రాలేదు ఏడాదంతా. అదే నింపాది ఆట, అదే పాస్, స్క్రీన్.

ఒక కోచ్ పనితనం ఎంత అని అడిగితే నాకు ఇంతకంటే శుభ్రమైన రుజువు తెలియదు. ఆటగాళ్ళూ వాళ్ళే, ఆటా అదే, మారింది ఎదుటివాళ్ళ స్థాయి మాత్రమే. అయినా నిలబడింది.

గీత_గేటర్
చద్దన్నం పెరుగు మాట బావుంది, ఇది నాకు తెలియని కథ. ఆయన ఇప్పుడు ఐయోవాకి వెళ్ళిపోయాడు కదా. డ్రేక్ వాళ్ళ పరిస్థితి తలుచుకుంటే జాలేస్తుంది, ఒక్క ఏడాది కల.

పీడీసార్_శిష్యుడు
హైదరాబాద్ నుంచి రాస్తున్నా, ఇక్కడ ఫైనల్ మంగళవారం పొద్దున ఆరు దాటాక, ఆఫీసుకి లేటుగా వస్తానని చెప్పి చూశా. నేను ఇంజనీరింగ్‌లో కాలేజీ టీముకి ఆడేవాడిని, మీ స్థాయి కాదు కానీ కోచ్ అంటే ఏంటో కింద నుంచి చూసినవాడిని కాబట్టి ఒక మాట.

మా పీడీ సార్ టైమవుట్‌లో అరిచేవారు కాదు. ఇంటర్ కాలేజీ సెమీస్, సిమెంట్ కోర్టు, మధ్యాహ్నం రెండింటికి ఎండ మాడు పగలగొడుతోంది, మేం 6 వెనక. మాలో బాగా ఆడేవాడు ఆ రోజు పదకొండు షాట్లు వేసి రెండే కొట్టాడు, ఇంకా వేస్తూనే ఉన్నాడు. సార్ టైమవుట్ అడిగి అతన్ని కూర్చోబెట్టారు. నన్ను పంపారు, నాకు అతనిలో సగం ఆట కూడా రాదు. మేం ఓడిపోయాం. తర్వాత అందరూ సార్‌ని తిట్టారు, స్టార్‌ని తీసేస్తారా అని. సార్ సమాధానం చెప్పలేదు. మరుసటి ఏడాది అదే కుర్రాడు పాస్ ఇవ్వడం నేర్చుకుని కెప్టెన్ అయ్యాడు, మేం జోన్ గెలిచాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే సెయింట్ జాన్స్ కోచ్ రిక్ పిటీనో నేషనల్ టోర్నమెంట్‌లో ఆర్కన్సా మీద చేసింది చూసినప్పుడు నాకు అదే ఎండ గుర్తొచ్చింది. వాళ్ళ ఆర్‌జే లూయిస్ బిగ్ ఈస్ట్ (వాళ్ళ కాన్ఫరెన్స్) ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, ఆ రోజు 17 షాట్లకి 3 పడ్డాయి. ఆఖరి ఐదు నిమిషాలు బెంచ్ మీదే. 75-66 తో ఓడిపోయారు, దేశమంతా పిటీనో మీద పడింది.

ఓరుగల్లు_హూజియర్
పీడీ సార్ కత మంచిగుంది గని రెండూ ఒకటి కాదన్నా. మీ వాడికి మళ్ళొచ్చే ఏడు ఉండె. ఇక్కడ పోర్టల్ జమానా, పిలగాడు అలిగిండంటే మళ్ళొచ్చే ఏడు ఇంకో డ్రెస్‌ల ఉంటడు. కోచ్ సబక్ నేర్పిద్దామంటే నేర్చుకునేటోడు ఆడ ఉండాలె కదా. లూయిస్ అయితే పోయిండు ఇగ.

రాలీలో_రాయుడు
పిటీనో విషయంలో నాది వేరే అభిప్రాయం. ఆ ఒక్క నిర్ణయం తప్పే అనుకుందాం. కానీ ఏడాది మొత్తం చూడండి, 31-5, బిగ్ ఈస్ట్ రెగ్యులర్ సీజన్ టైటిల్ ఎవరితో పంచుకోకుండా 1985 తర్వాత ఇదే మొదటిసారి, బిగ్ ఈస్ట్ టోర్నమెంట్ కూడా గెలిచారు, ఏపీ కోచ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. ఆ టీముకి బయటి షాట్లు రావని మొదటి నుంచీ తెలుసు. ఆ లోటుతోనే డిఫెన్స్, రీబౌండ్ల మీద అంత దూరం లాక్కొచ్చాడు. ఆర్కన్సా మీద త్రీలు 22 వేస్తే 2 పడ్డాయి. ఏడాదంతా దాచిన లోటు ఒక్క మధ్యాహ్నం బయటపడింది.

లెక్కలు_చెప్తా
అక్కడే నాకు పేచీ రాయుడుగారూ. లోటు మొదటి నుంచీ తెలిస్తే పోర్టల్లో ఒక షూటర్‌ని తెచ్చుకోవాల్సింది కూడా కోచే. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలొచ్చింది, కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న రూలు కూడా పోయింది. ఈ రోజుల్లో కోచ్ పని నవంబర్‌లో మొదలవదు, ఏప్రిల్‌లో మొదలవుతుంది. లూయివిల్ చూడండి. కోచ్ కెన్నీ పేన్ రెండేళ్ళలో 4-28, 8-24. కొత్త కోచ్ ప్యాట్ కెల్సీ వచ్చి దాదాపు టీమంతా కొత్తవాళ్ళతో నింపి 27-8 చేశాడు. ఆ 27 లో సైడ్‌లైన్ దగ్గర నిలబడి గెలిపించినవి ఎన్ని, ఎండాకాలంలో ఫోన్ మీద గెలిచినవి ఎన్ని అని విడదీయడం నా లెక్కలకి కూడా చేతకాదు. గీతగారి ఫ్లోరిడా అయినా అంతే, క్లేటన్ అయోనా నుంచి, మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, రిచర్డ్ బెల్మాంట్ నుంచి. పెద్ద కాలేజీలు చూడని చోట చూశాడు గోల్డెన్.

కేటీ_కూగర్
సరే ఆర్కన్సా కోచ్ కాలిపారి గురించి ఎవరూ అనట్లేదేంటి. నిరుడు కెంటకీ కోచ్‌గా చిన్న కాలేజీ ఓక్‌లండ్ చేతిలో ఓడి, గోల్కీ అనే కుర్రాడు 10 త్రీలు కొట్టిన మ్యాచ్ అది, ఆ అవమానంతో ఆర్కన్సా వెళ్ళాడు. అక్కడి కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీలో 0-5 తో మొదలు. జనవరిలో ఆయన్ని ఎవరైనా మెచ్చుకున్నారా? వాళ్ళ ఫ్లాండ్ బొటనవేలు గాయంతో ఆటకి దూరమయ్యాడు, ఇక అయిపోయింది అన్నారు. ఫిబ్రవరి 1న తన పాత కెంటకీకే వెళ్ళి, వాళ్ళ రప్ ఎరీనా అంతా కేకలేస్తుంటే, 89-79 తో గెలిచి వచ్చాడు. ఎస్‌ఈసీలో 8-10 తో ముగించి నేషనల్ టోర్నమెంట్‌లో 10వ సీడ్‌గా దూరి కాన్సస్‌నీ సెయింట్ జాన్స్‌నీ ఇంటికి పంపాడు.

గీత_గేటర్
ఆ తర్వాత టెక్సస్ టెక్ మీద సెకండాఫ్‌లో 16 ఆధిక్యం పెట్టుకుని ఓవర్‌టైమ్‌లో 85-83 తో ఓడాడు, అది కూడా కలపండి కేటీ గారూ. నా ఉద్దేశంలో ఈ ఏడాది ఆయన అసలు విజయం గెలిచిన మ్యాచ్‌లు కాదు. 0-5 దగ్గర పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు ఒకరి మీద ఒకరు నెపం వేసుకుని విడిపోయే ప్రమాదం ఎంతుంటుంది. విడిపోలేదు. నేను క్లాసుల్లో ఆ వయసు పిల్లలకే పాఠాలు చెప్తా, మిడ్‌టర్మ్ పాడైతే సగం మంది సెమిస్టర్ మీదే ఆశ వదిలేస్తారు. 0-5 నుంచి మార్చి దాకా వాళ్ళ చేత నమ్మకంగా ప్రాక్టీస్ చేయించడం ఏ అంకెలోనూ కనపడదు మాస్టారూ.

లెక్కలు_చెప్తా
కనపడదు. ఒప్పుకుంటున్నా. దగ్గరగా వచ్చేది ఒక్కటే, ఓడిపోతున్న టీములు డిఫెన్స్‌లో వెనక్కి పరిగెత్తుతున్నాయా లేదా. విసుగొచ్చిన టీము మొదట మానేసేది అదే. నేను జనవరిలో మ్యాచ్ చూస్తే స్కోరు కంటే అదే చూస్తా, షాట్ పోయాక ఐదుగురిలో ఎంతమంది వెంటనే తిరిగి పరిగెడుతున్నారు అని.

ఓరుగల్లు_హూజియర్
ఇల్లినాయ్ మ్యాచ్‌ల మావోళ్ళు ఉరకలేదు. సెకండాఫ్‌ల ఒక్కో పారి ముగ్గురు నడుచుకుంటనే వచ్చిండ్రు. నేను కండ్లార చూసిన. అందుకే ఆ పెద్దాయన లేచి పోయిండేమో.

మేరీవిల్_బ్యాచ్
మెకాలమ్ టీములో అలా నడిస్తే మరుక్షణం బెంచ్ మీద ఉండేవాళ్ళు. స్కోరు 30 ఆధిక్యంలో ఉన్నా సరే. ఒకసారి మా ముందు వరసకి దగ్గర్లోనే జరిగింది, కుర్రాడు వచ్చి కూర్చున్నాడు, కోచ్ అరవలేదు, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వేలితో నేల మీద ఏదో గీసి చూపించి, భుజం తట్టి రెండు నిమిషాల్లో మళ్ళీ పంపాడు. పీడీ సార్ కథ చదివితే అది గుర్తొచ్చింది.

పీడీసార్_శిష్యుడు
భుజం తట్టడం మా సార్ కూడా చేసేవారు. చేతికి సుద్ద అంటుకుని ఉండేది, జెర్సీ మీద నాలుగు వేళ్ళ ముద్ర పడేది. ఆయన రిటైరయ్యారు, ఈ చర్చ ఆయనకి చదివి వినిపిస్తా ఈ ఆదివారం.

కేటీ_కూగర్
రాయుడుగారూ, అందరి గురించీ మాట్లాడాం, మీరడిగింది మాత్రం కీట్స్ గురించి. మీరేమంటారు ఇప్పుడు?

రాలీలో_రాయుడు
రెండు రోజులుగా మీ అందరి పోస్టులు చదువుతూ పాత మ్యాచ్‌లు మళ్ళీ పెట్టుకుని చూశా. 2024 ఫిబ్రవరి, మార్చి మ్యాచ్‌లు. మాస్టారు చెప్పినట్టు స్కోరు మీద కాగితం కప్పి పరుగే చూశా. ఆ 4 ఓటముల్లో కూడా మా వాళ్ళు పరిగెత్తారండి. మా డీజే బర్న్స్ అంత భారీ మనిషి కూడా రొప్పుకుంటూ వెనక్కి వెళ్ళాడు. నేను అప్పుడు అది చూడలేదు, స్కోరు బోర్డు మాత్రమే చూశా, చూసి ఆయన ఉద్యోగం తీసేయమని రాశా. అది నా తప్పు, ఒప్పుకోవాలి.

ఈ ఏడాది జనవరి మ్యాచ్‌లు కూడా మూడు చూశా. బర్న్స్ లేడు, నిరుటి ఇంకో ముఖ్యమైన ఆటగాడు హార్న్ లేడు, వాళ్ళ స్థానంలో తెచ్చినవాళ్ళు ఆ ఖాళీ నింపలేదు. షాట్ పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఏప్రిల్‌లో మొదలయ్యే పని అన్నారు కదా, అది సరిగా జరగలేదు. కాబట్టి యూనివర్సిటీ చేసింది కూడా నాకు అన్యాయంగా కనిపించట్లేదు, బాధగా ఉంది అంతే. 2024కి పదికి 8, 2025కి 3.

లెక్కలు_చెప్తా
2024కి 8 ఎక్కువండి. 6.

రాలీలో_రాయుడు
ఆ ఓకానెల్ షాట్‌కి రెండు మార్కులు కోసేశారా?

లెక్కలు_చెప్తా
అవును. ఆ రెండు మెక్‌నీలీ ఫ్రీ త్రోవి.

రాలీలో_రాయుడు
మాస్టారూ, ఆ బంతి రింగు మీద ఉన్నప్పుడు మా నాన్నగారు తణుకు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు, ఆట ఏంటో తెలియకపోయినా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పడగానే ఇద్దరం సోఫా మీద నుంచి లేచి అరిచాం. మీరు 6 వేసుకోండి, నేను 8 దగ్గరే ఉంటా.

గీత_గేటర్
నాది 7.